టిప్పు ఎవరికి ఇవ్వాలి, ఎంత ఇవ్వాలి, ఎక్కడ అసలు ఇవ్వకూడదు

గ్యాస్ బండ తెచ్చిన మనిషి రసీదులో ఉన్నదానికన్నా యాభై ఎక్కువ అడుగుతాడు. రాత్రి రెస్టారెంట్ బిల్లులో ‘సర్వీస్ ఛార్జ్’ అని ఒక వరస కనిపిస్తుంది. ఫుడ్ యాప్ మనం చెప్పకుండానే ఇరవై రూపాయల టిప్పు కలిపేస్తుంది. సర్కారు ప్రసూతి ఆసుపత్రిలో బిడ్డను బయటికి తెచ్చి చూపించడానికి ఆయమ్మ చెయ్యి చాపుతుంది. నాలుగింటినీ మనం ‘చాయ్ పైసలు’ అనే ఒకే ఖాతాలో రాసేసుకుంటాం. కానీ మొదటిది అదనపు వసూలు. రెండోది మనం వద్దంటే తీసెయ్యాల్సిన ఛార్జీ. మూడోది టిప్పే, అదీ మనకు ఇష్టమైతేనే. నాలుగోది లంచం.

వీటిని విడదీయడానికి రెండు ప్రశ్నలు వేసుకుంటే చాలావరకు తేలిపోతుంది. డబ్బు మాట పని అయ్యాక వచ్చిందా, ముందే వచ్చిందా? ఇవ్వనంటే పని ఆగుతుందా? పని పూర్తయ్యాక, ఎవరూ అడక్కుండా, మనసుకు తోచినంత ఇచ్చేది టిప్పు. ఇవ్వకపోతే పని జరగదంటే దాన్ని ఏ ముద్దుపేరుతో పిలిచినా టిప్పు కాదు. మూడో ప్రశ్న ఒకటుంది, దాన్ని వేసుకునేవాళ్లు తక్కువ: మనం ఇచ్చింది చివరికి ఎవరి జేబులోకి చేరుతోంది?

రెస్టారెంట్ బిల్లును చదవడం

ఎక్కువ గందరగోళం ఇక్కడే. రెండు వేల రూపాయల భోజనం చేశారనుకుందాం. పది శాతం సర్వీస్ ఛార్జ్ వేస్తే రెండు వందలు. జీఎస్టీని ఆ మొత్తం 2,200 మీద ఐదు శాతం చొప్పున లెక్కేస్తే 110. బిల్లు 2,310 అవుతుంది. సర్వీస్ ఛార్జ్ లేకపోతే 2,000 మీద వంద రూపాయల పన్ను, మొత్తం 2,100. తేడా రెండు వందలు కాదు, రెండు వందల పది. ఆ పది రూపాయలు మనం ‘ఇచ్చిన’ టిప్పు మీద మనమే కట్టిన పన్ను.

పెద్దవాళ్లలో చాలామంది సర్వీస్ ఛార్జ్ అంటే ప్రభుత్వ పన్ను అనుకుని మాట్లాడకుండా కట్టేస్తారు. వాళ్ల తప్పు లేదు. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చేదాకా ‘సర్వీస్ ట్యాక్స్’ అనేది నిజంగానే ఉండేది. ఇప్పుడు బిల్లులో ప్రభుత్వానికి వెళ్లేది సీజీఎస్టీ (కేంద్రం వాటా) రెండున్నర శాతం, ఎస్జీఎస్టీ (రాష్ట్రం వాటా) రెండున్నర శాతం, అంతే. రోజుకు 7,500 రూపాయలు దాటిన అద్దె గదులున్న పెద్ద హోటళ్లలోని రెస్టారెంట్లలో మాత్రం పన్ను పద్దెనిమిది శాతం ఉంటుంది. సర్వీస్ ఛార్జ్ మొత్తం యజమాని ఖాతాకే వెళ్తుంది.

దీని మీద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. సర్వీస్ ఛార్జ్‌ను బిల్లులో తనంతట తాను పడేలా పెట్టకూడదు. పేరు మార్చి వసూలు చేయకూడదు. కట్టనంటే లోపలికి రానివ్వమనకూడదు. తిండి బిల్లులో కలిపి దాని మీద జీఎస్టీ వేయకూడదు. రెస్టారెంట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లి అదే నెలలో స్టే తెచ్చుకున్నాయి. అందుకే రెండేళ్లకు పైగా కౌంటర్లో అడిగితే ‘కోర్టు స్టే ఉంది సార్’ అనే జవాబు వచ్చేది. 2025 మార్చి 28న హైకోర్టు ఆ పిటిషన్లను కొట్టేసి, మార్గదర్శకాలు చెల్లుతాయని తీర్పు చెప్పింది. సంఘాలు దాని మీద అప్పీలుకు వెళ్లాయి.

ఆచరణలో చేయాల్సింది చిన్న పని. డబ్బు కట్టకముందే బిల్లు పైనుంచి కిందిదాకా చూడండి. ‘స్టాఫ్ వెల్ఫేర్’, ‘స్టాఫ్ కాంట్రిబ్యూషన్’ లాంటి పేర్లున్నా అది ఇదే. కెప్టెన్‌ను పిలిచి, ‘సర్వీస్ ఛార్జ్ తీసేసి బిల్లు మళ్లీ తియ్యండి’ అని మామూలు గొంతుతో చెబితే సరిపోతుంది. గొడవ పడాల్సిన మనిషి సర్వర్ కాదు, అతని చేతిలో ఏమీ ఉండదు. ససేమిరా అంటే బిల్లు ఫొటో తీసుకుని కట్టేసి, 1915 నంబరుకు ఫిర్యాదు చేయవచ్చు. పార్శిల్ మీద కూడా సర్వీస్ ఛార్జ్ వేస్తే మొహమాటమే అక్కర్లేదు.

సర్వీస్ ఛార్జ్ కట్టిన చోట మళ్లీ టిప్పు పెట్టనవసరం లేదు. అయితే కట్టింది సర్వర్‌కు చేరిందనుకోవద్దు. బ్రిటన్‌లో 2024 అక్టోబరు 1 నుంచి టిప్పులైనా సర్వీస్ ఛార్జ్ అయినా పైసా కోత లేకుండా పనివాళ్లకే పంచాలని చట్టం ఉంది. మన దగ్గర అలాంటిది లేదు. కొన్నిచోట్ల పంచుతారు, కొన్నిచోట్ల గ్లాసులు పగిలితే ఆ ఖర్చు కూడా అందులోంచే పోతుంది. అందుకే సర్వీస్ ఛార్జ్ తీయించి, అందులో సగమో ముప్పావో నగదుగా సర్వర్ చేతిలో పెట్టడం మేలు. మీకూ తక్కువ పడుతుంది, అతనికీ ఎక్కువ అందుతుంది.

ఎంత ఇవ్వాలన్నదానికి మన ఊళ్లలో నడుస్తున్న లెక్క ఇది. టోకెన్ తీసుకుని నిలబడి తినే టిఫిన్ సెంటర్లో ఏమీ ఇవ్వక్కర్లేదు. అరిటాకు వేసి, సాంబారు రెండోసారి అడిగితే విసుక్కోకుండా పోసే మీల్స్ హోటల్లో సప్లయర్‌కు పదీ ఇరవై. ఏసీ ఫ్యామిలీ రెస్టారెంట్లో బిల్లులో ఐదు నుంచి పది శాతం. బిల్లు మూడు నాలుగు వేలు దాటాక శాతాన్ని పట్టుకుని వేలాడనవసరం లేదు, నూటయాభై, రెండు వందలు గౌరవమైన మొత్తమే. బఫేలో మనమే వడ్డించుకుంటాం కాబట్టి అందులో సగం చాలు. శాతం వేసేది తిండి ధర మీద, పన్ను కలిపిన మొత్తం మీద కాదు.

ఇక మూడో ప్రశ్న, ఇచ్చింది ఎవరి జేబులోకి చేరుతోందన్నది. టేబుల్ మీదికి తెచ్చే క్యూఆర్ కోడ్ యజమాని ఖాతాది. బిల్లు 940 అయితే ‘వెయ్యి కొట్టాను, మిగతాది నీకే’ అని చెప్పి వెళ్లిపోతాం. ఆ అరవై యజమాని ఖాతాలో పడుతుంది. రాత్రి లెక్కలు సరిచూసేటప్పుడు వసూలు బిల్లుల కన్నా ఎక్కువ కనిపిస్తుంది. మేనేజర్ మంచివాడైతే ఆ తేడాను గల్లాపెట్టెలోంచి తీసి ఇస్తాడు, లేకపోతే అది అక్కడే కలిసిపోతుంది. కార్డు గీకినప్పుడు వేసిన టిప్పుదీ ఇదే దారి. ఇలా కార్డు మీద వచ్చి హోటల్ పంచిపెట్టే టిప్పులు జీతం కిందికి రావని, వాటి మీద యాజమాన్యం టీడీఎస్ (చేతికి ఇచ్చేముందే కోసే పన్ను) కోయనక్కర్లేదని సుప్రీంకోర్టు 2016లో ఐటీసీ కేసులో చెప్పింది. ఆ డబ్బు హోటల్‌ది కాదు, అది మధ్యలో పట్టుకుని అందించేది మాత్రమే. కాబట్టి ‘పన్ను గొడవ వస్తుందని టిప్పు ఇవ్వట్లేదు’ అనే సాకు మేనేజర్లకు చెల్లదు. మీవైపు నుంచి సులువైన దారి పర్సులో నాలుగు ఇరవైలు, రెండు యాభైలు ఉంచుకోవడమే.

చిన్న హోటల్లో వడ్డించినవాడే టిప్పు ఉంచుకుంటాడు. పెద్దచోట డబ్బాలో వేసి రాత్రికో వారానికో కెప్టెన్, సర్వర్, క్లీనర్, వంటగది అంటూ వాటాలు వేసుకుంటారు. టేబుల్ తుడిచే కుర్రాడికి వాటా లేదని తెలిస్తే అతనికి విడిగా పది ఇవ్వడం తప్పేమీ కాదు.

గ్యాస్ బండ దగ్గర

రసీదు మీద ఉన్న ధరలోనే ఇంటికి తెచ్చి ఇచ్చే ఖర్చు కలిసి ఉంటుంది. మీరే గోడౌన్‌కు వెళ్లి తెచ్చుకుంటే ఆ మేరకు ధర తగ్గించాలి కూడా. కాబట్టి ‘డెలివరీకి యాభై’ అనేది అడగడానికి వీల్లేని డబ్బు. అయినా రెండోవైపు చూడాలి. 14.2 కిలోల గ్యాస్, ఖాళీ బండ బరువు పదిహేను పదహారు కిలోలు, వెరసి ముప్పై కిలోలు. లిఫ్టు లేని ఇంట్లో మూడో అంతస్తుకు దాన్ని భుజాన మోసుకొచ్చిన మనిషికి ఇరవయ్యో ముప్పయ్యో ఇవ్వడం న్యాయం. కింద వరండాలో దించి వెళ్లేవాడికి అదే మొత్తం ఎందుకో అర్థం కాదు.

తగువు లేకుండా ఉండాలంటే బుకింగ్ అప్పుడే ఆన్‌లైన్‌లో కట్టేయండి. అసలు పేచీ పుట్టేది చిల్లర దగ్గర. తొమ్మిది వందల చిల్లర బిల్లుకు ఐదు వందల నోట్లు రెండు ఇస్తే మిగతాది వెనక్కి రాదు. ముందే కట్టేస్తే ఆ సందర్భమే రాదు. ఫోన్‌కు వచ్చే డెలివరీ కోడ్‌ను బండ చేతికి వచ్చాక, సీలు చూశాక, తూకం వేయించాక చెప్పండి. తూకం చూపించమని అడగడం మీ హక్కు. ఖాళీ బండ బరువు దాని పైభాగంలోని పట్టీ మీద ఉంటుంది, దానికి 14.2 కలిపి చూసుకోవాలి. వాల్వు లోపల రబ్బరు వాషర్ ఉందో లేదో, గ్యాస్ కారుతోందో లేదో కూడా అప్పుడే చూపించమనండి. ఇవన్నీ విసుక్కోకుండా చేసినవాడికి టిప్పు ఇవ్వబుద్ధవుతుంది కూడా. అదనంగా ఇస్తేనే బండ దించుతానంటే ముందు ఏజెన్సీకి, అక్కడ పని కాకపోతే 1800 233 3555 టోల్‌ఫ్రీకి చెప్పాలి.

యాప్‌లో టిప్పు

డెలివరీ ఫీజు, ప్లాట్‌ఫామ్ ఫీజు, వాన పడితే వేసే అదనపు ఛార్జీ, వీటిలో ఏదీ టిప్పు కాదు. టిప్పుగా విడిగా ఇచ్చింది మాత్రం మొత్తం డెలివరీ బాయ్‌కే వెళ్తుందని జొమాటో, స్విగ్గీ చెబుతాయి. టిప్పు నొక్కిన చోటే ‘తర్వాతి ఆర్డర్లకూ ఇంతే’ అన్న గడి కనిపిస్తే ఒకసారి చూసుకోండి. దాన్ని నొక్కి మరిచిపోయి నెలల తరబడి ఇస్తూ పోయేవాళ్లున్నారు. ఇవ్వడం తప్పు కాదు, తెలియకుండా ఇవ్వడం తప్పు. ఆర్డర్ వచ్చాక కూడా యాప్‌లో టిప్పు ఇవ్వవచ్చు కాబట్టి ముందే నొక్కాల్సిన తొందర లేదు. మామూలు రోజు ఇరవై, వానలోనో అర్ధరాత్రికి దగ్గర్లోనో వచ్చినవాడికి యాభై.

ఒక మాట ఇక్కడ చెప్పక తప్పదు. హైదరాబాద్‌లో కొన్ని అపార్ట్‌మెంట్లలో డెలివరీ వాళ్లు లిఫ్టు ఎక్కకూడదని బోర్డు పెడతారు. ఐదో అంతస్తుకు మెట్లెక్కించి ఇరవై టిప్పు ఇవ్వడం కన్నా కిందికి దిగి పార్శిల్ తీసుకోవడం ఎక్కువ మర్యాద. అతనికి ఆ పది నిమిషాల్లో ఇంకో ఆర్డర్ దొరుకుతుంది.

క్యాబ్ యాప్‌లలో ‘ముందే టిప్పు వేస్తే త్వరగా బండి దొరుకుతుంది’ అనే పద్ధతి వేరు. అది సేవకు మెచ్చి ఇచ్చేది కాదు, బండి కోసం పాడే వేలంపాట. పైన చెప్పిన వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థే 2025 మేలో ఈ విషయం మీదే ఊబర్‌కు నోటీసు ఇచ్చింది. ఆటోకు, క్యాబ్‌కు మన దగ్గర టిప్పు ఆనవాయితీ లేదు, చిల్లర వదిలేస్తాం, అంతే. సామాను మోసి పెడితే, ముసలివాళ్లను చెయ్యి పట్టి దించితే ఇరవై యాభై ఇవ్వండి.

నెల జీతం వాళ్లకు పండగ ఇనాం

ఇంట్లో పనిచేసే ఆవిడకు, వంటమనిషికి, వాచ్‌మన్‌కు, కారు తుడిచే అబ్బాయికి రోజువారీ టిప్పులు పనికిరావు. వాళ్లకు ఏడాదికోసారి పండగ ఇనాం ఉండాలి. తెలంగాణలో అది దసరా, కోస్తాలో ఎక్కువగా సంక్రాంతి. పుచ్చుకునేవాళ్లు రంజానో క్రిస్మసో జరుపుకునేవాళ్లయితే ఆ పండగకు ఇవ్వడమే పద్ధతి, మన పండగకు కాదు.

ఎంత? కంపెనీల్లో చట్టం చెప్పిన కనీస బోనస్ 8.33 శాతం, అంటే ఏడాది జీతంలో పన్నెండో వంతు, సరిగ్గా ఒక నెల జీతం. ఇంటిపని వాళ్లకు ఆ చట్టం వర్తించదు గానీ, లెక్కకు అంతకన్నా మంచి కొలత దొరకదు. ఏడాది నిండితే నెల జీతం. ఆరు నెలలే అయితే సగం. నాలుగు వేలకు పనిచేసే ఆవిడ ఎనిమిది నెలల కిందట చేరిందనుకోండి, నాలుగు వేలను పన్నెండుతో భాగించి ఎనిమిదితో హెచ్చిస్తే సుమారు 2,670.

చెడేది ఎక్కడంటే, ఇచ్చే తీరులో. పాత అప్పులో జమ వేసుకుంటే అది ఇనాం కాదు. మనం కట్టి వదిలేసిన చీర ఇచ్చి ‘బోనస్ ఇచ్చాం’ అనుకోవడం ఇంకా అన్యాయం. చీర కొత్తదైనా డబ్బుకు అదనంగానే ఉండాలి, డబ్బుకు బదులుగా కాదు. పండగ రోజు సాయంత్రం ఇస్తే వాళ్ల కొనుగోళ్లకు ఉపయోగపడదు, వారం ముందు ఇవ్వాలి.

వాచ్‌మన్ విషయంలో అపార్ట్‌మెంట్ సంఘం ఏం చేస్తోందో ముందు కనుక్కోండి. నలభై ఫ్లాట్లున్నచోట ఇంటికి రెండు వందలు పోగు చేస్తే ఎనిమిది వేలవుతుంది. మెయింటెనెన్స్ డబ్బులోంచి సంఘమే ఇచ్చేస్తే మీరు విడిగా ఇచ్చేది పూర్తిగా మీ ఇష్టం. పేపరు, పాలు వేసే కుర్రాళ్లకు ఇంటికి వందో రెండు వందలో సరిపోతుంది, వాళ్లకు ఇళ్లు ఎక్కువ. చెత్త బండి వాళ్లకు నెలనెలా కట్టేది రుసుము, దాన్ని ఇనాం కింద లెక్కవేయకండి.

సెలూన్‌లో మీకు ఎప్పుడూ కటింగ్ చేసే మనిషి షాపు యజమానే అయితే టిప్పు అక్కర్లేదు. జీతగాడైతే ఇరవయ్యో, యాభయ్యో. వాలే పార్కింగ్ అబ్బాయికి తాళాలు తిరిగి ఇచ్చాక ఇరవై నుంచి యాభై. లాడ్జిలో సామాను గదిదాకా తెచ్చినవాడికి ఇరవై, పెద్ద హోటల్లో వంద. పెట్రోల్ బంకుల్లో గాలి ఉచితంగా పట్టాలి, ఐదో పదో ఇవ్వడం మన మంచితనం.

ఇవ్వకూడని చోట్లు

తిరుమల కల్యాణకట్టలో తలనీలాలు తీయడం ఉచితం. అక్కడి క్షురకులు భక్తుల దగ్గర డబ్బు తీసుకోవడం దేవస్థానం నిషేధించింది. పుణ్యక్షేత్రమని, మొక్కు తీరిందన్న సంతోషంలో ఇచ్చేస్తుంటాం. ఆ యాభై తర్వాతి వరసలో ఉన్న పేద కుటుంబానికి రేటుగా మారుతుంది. ఇవ్వకపోతే కత్తి గట్టిగా పడుతుందేమోనన్న భయం వాళ్లకు మొదలవుతుంది.

సర్కారు ఆసుపత్రుల్లో ఇది ఇంకా ఘోరం. కాన్పు, మందులు, పరీక్షలు, ఇంటికి చేర్చే బండి అన్నీ ఉచితంగా అందాలని జననీ శిశు సురక్షా కార్యక్రమం 2011 నుంచే చెబుతోంది. అయినా మగపిల్లాడైతే ఒక రేటు, ఆడపిల్లైతే ఒక రేటు అని వార్డుల్లో అడగడం ఆగలేదు. స్ట్రెచర్ తోసినందుకు, శవాన్ని మార్చురీలోంచి బయటికి ఇచ్చినందుకు అడిగేదీ ఇదే కోవ. కరెంటు సరిచేయడానికి వచ్చిన లైన్‌మన్ ముందే ఐదు వందలు మాట్లాడుకుంటే అది మామూలు కాదు, 1988 అవినీతి నిరోధక చట్టం కిందికి వచ్చే నేరం. 2018 సవరణ తర్వాత ఇచ్చినవాళ్లూ నేరస్థులే. బలవంతం మీద ఇచ్చినవాళ్లు ఏడు రోజుల్లోగా ఫిర్యాదు చేస్తే మాత్రం రక్షణ ఉంటుంది. తెలంగాణలో ఏసీబీ (అవినీతి నిరోధక శాఖ) నంబరు 1064.

రైల్లో టికెట్‌తో పాటు భోజనం డబ్బు కట్టిన బండ్లలో, దిగే ముందు ట్రే పట్టుకుని వచ్చి టిప్పు అడగడానికి సిబ్బందికి వీల్లేదు. స్టేషన్లో ఎర్రచొక్కా కూలీకి మాత్రం రేటు నిర్ణయించి బోర్డు మీద రాసి ఉంటుంది. సామాను ఎత్తకముందే ‘బోర్డు రేటే కదా’ అని మాట తీసుకోండి. ఆ పైన ఇచ్చేది మీ దయ.

విమానాశ్రయం, ఆ తర్వాత అమెరికా

పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలకు టికెట్‌లో వీల్‌చైర్ పెట్టడం మన ఇళ్లలో మామూలైపోయింది. ఆ సేవకు ఎయిర్‌లైన్ డబ్బు తీసుకోదు. శంషాబాద్‌లో ఎవరైనా అడిగితే ఇవ్వనక్కర్లేదు. అమెరికా విమానాశ్రయాల్లోనూ అది ఉచితమే, అయితే కుర్చీ తోసేవాళ్లకు ఐదు నుంచి పది డాలర్లు ఇవ్వడం అక్కడ ఆనవాయితీ. ఇక్కట్టు ఎక్కడంటే, పెద్దవాళ్ల దగ్గర వంద డాలర్ల నోట్లే ఉంటాయి, ‘చేంజ్’ అని అడగలేరు. బయల్దేరేముందే దిగే ప్రతి ఊరికీ ఒక ఐదు డాలర్ల నోటు లెక్కన పాస్‌పోర్టు కవర్లో పెట్టి, గేటు దగ్గర దించాక ఇవ్వమని చెప్పండి, మధ్యలో కాదు.

అక్కడి రెస్టారెంట్లో టిప్పు వెనక ఉన్న లెక్క తెలిస్తే రూపాయల్లోకి మార్చుకుని గుండె పట్టుకోవడం తగ్గుతుంది. టిప్పులు వచ్చే పనివాళ్లకు యజమాని ఇవ్వాల్సిన కనీస వేతనం ఫెడరల్ (అక్కడి కేంద్ర) చట్టం ప్రకారం గంటకు 2.13 డాలర్లు. 1991 నుంచి అది కదల్లేదు. మిగతావాళ్లకు 7.25. టిప్పులతో కలిపినా అది నిండకపోతేనే యజమాని భర్తీ చేయాలి. మనవాళ్లు గుంపుగా ఉండే టెక్సస్‌లో ఈ 2.13 పద్ధతే నడుస్తుంది. కాలిఫోర్నియాలో టిప్పుతో సంబంధం లేకుండా పూర్తి కనీస వేతనం ఇవ్వాలి, అయినా టిప్పు అలవాటు అక్కడా తగ్గలేదు. అంటే కూర్చుని తిన్నచోట పద్దెనిమిది, ఇరవై శాతం బహుమానం కాదు, సర్వర్ జీతంలో పెద్ద ముక్క. అక్కడి ప్రభుత్వం కూడా 2025 నుంచి 2028 దాకా టిప్పుల్లో ఏడాదికి పాతిక వేల డాలర్ల వరకు ఆదాయపు పన్ను లెక్కలోంచి మినహాయింపు ఇస్తోంది.

డాలస్ దగ్గర అరవై డాలర్లకు తిన్నారనుకోండి. 8.25 శాతం అమ్మకపు పన్నుతో బిల్లు 64.95. టిప్పు అరవై మీదే వేయాలి, పద్దెనిమిది శాతమైతే 10.80. ఆరుగురో ఎనిమిదిమందో దాటిన బల్లకు చాలాచోట్ల ‘గ్రాట్యుటీ’, అంటే టిప్పు, ముందే కలిపేస్తారు. అది చూడకుండా రెండోసారి టిప్పు రాసేవాళ్లు మనలో తక్కువేం కాదు. బిర్యానీ పార్శిల్ తీసుకోవడానికి వెళ్తే కౌంటర్లో ఐప్యాడ్ తిప్పి 18, 20, 25 చూపిస్తారు. అక్కడ ‘నో టిప్’ నొక్కినా ఎవరూ ఏమీ అనుకోరు. డోర్‌డాష్ లాంటి డెలివరీ యాప్‌లలో మాత్రం మన పద్ధతికి తిరకాసు: ఆర్డర్ ఒప్పుకునే ముందే డ్రైవర్‌కు తనకు వచ్చే మొత్తం అంచనా కనిపిస్తుంది, టిప్పు సున్నా అయితే ఒప్పుకునేవాడు దొరక్క తిండి చల్లారుతుంది. హోటల్ గది శుభ్రం చేసేవాళ్లకు రోజుకు రెండు నుంచి ఐదు డాలర్లు, ఏ రోజుకారోజు పొద్దున దిండు మీద పెట్టాలి. చివరి రోజు మొత్తం కలిపి పెడితే ఆ రోజు డ్యూటీలో ఉన్నవారికే పోతుంది.

కార్డు ఇచ్చాక సంతకానికి వచ్చే చీటీలో టిప్పు గడి, మొత్తం గడి రెండూ మీరే నింపాలి. టిప్పు నగదుగా ఇస్తే ఆ గడిలో ‘క్యాష్’ అని రాసి, మొత్తం దగ్గర బిల్లు అంకెనే మళ్లీ వేసి, మీ కాపీ ఒకటి దగ్గర ఉంచుకోండి. గడి ఖాళీగా వదిలేస్తే మీ చెయ్యి దాటాక దాన్ని ఎవరైనా నింపవచ్చు.